అద్దె పాత్రల నవలలు
‘డార్క్ షాడోస్’ పుస్తకాల చరిత్ర: ఒక పరిశీలన

1

టెలివిజన్‌లో పేరుపొందిన కథను ఆధారం చేసుకొని, ఆ కథకు యజమానులైనవారి అనుమతితో, వారి షరతులకు లోబడి అచ్చయ్యే నవలలు అమెరికాలో లెక్కకు మిక్కిలిగా ఉన్నవి. వీటిని అనుబంధ నవలలు అనుకుందాం. దయ్యాలు, రక్తపిశాచులు, మంత్రగత్తెలు గల ధారావాహికల నుండి పుట్టినవి వీటిలో ఒక పెద్ద తెగ. ఈ తెగ పుస్తకాలను గురించి గమనించవలసిన సంగతి ఒకటి ఉన్నది. వీటిని కొనేవారు ఆ కథను ఇదివరకే ప్రేమించినవారు. చదివిన తరువాత నిరాశపడ్డామని చెప్పేవారిలో ఎక్కువమంది కూడా వారే. గిట్టనివాడు తిడితే అందులో విశేషం లేదు. ప్రేమతో కొన్నవాడు చిన్నబుచ్చుకొని పుస్తకం పక్కన పెడుతున్నాడంటే, అక్కడ ఏదో ఒక కారణం ఉండి తీరాలి.

ఇట్లాంటి పుస్తకాలను సాహిత్య విమర్శ పట్టించుకోవలసిన అవసరమేమిటని కొందరు అడగవచ్చు. జనం విస్తారంగా చదివేదాన్ని విమర్శకుడు ముట్టుకోకపోతే, దాన్ని గురించి మాట్లాడే పని ప్రకటనలు రాసేవారికే మిగులుతుంది. అంతేకాదు. ఒక సాహిత్యరూపం బలమేమిటో దాని గొప్ప ఉదాహరణల వల్ల తెలిసినట్లే, అది ఏ పరిస్థితులలో చచ్చిపోతుందో దాని పేలవమైన ఉదాహరణల వల్ల తెలుస్తుంది. నవలకు ఊపిరి ఏమిటో తెలుసుకోవటానికి ఊపిరాడని నవలలను కూడా పరీక్షించవలసిందే.

ఈ నిరాశకు మామూలుగా రెండు కారణాలు చెబుతారు. వీటిని రాసేవారు ప్రతిభలేని కూలి రచయితలు అనేది మొదటిది. దయ్యాల కథ అనే వస్తువే నీచమైనది, దానినుండి మంచి నవల రాదు అనేది రెండవది. మొదటిదాన్ని పండితులు చెబుతారు, రెండవదాన్ని మనబోటి అభ్యుదయవాదులు చెబుతాము. రెండూ సులభమైన సమాధానాలే. ఇవి ఎంతవరకు నిలుస్తాయో ఒక చరిత్రను తీసుకొని చూద్దాము. ఆ చరిత్ర 1966 నుండి 1971 వరకు అమెరికాలో ప్రసారమైన ‘డార్క్ షాడోస్’ అనే ధారావాహికది, దాని పేరుతో వెలువడిన 32 నవలలది.

2

1966 జూన్ 27న ఎ.బి.సి. టెలివిజన్ సంస్థ ఈ ధారావాహికను మొదలుపెట్టింది. దీని నిర్మాత డాన్ కర్టిస్. రైలులో ఒంటరిగా ప్రయాణం చేసే ఒక యువతి తనకు కలలో కనిపించిందనీ, ఆ కలే కథకు మొదలనీ అతడు చెప్పుకునేవాడు. ఆ కలను కథగా పెంచి, పాత్రలను నిలబెట్టిన రచయిత ఆర్ట్ వాలెస్.

కథ మెయిన్ రాష్ట్రంలోని కాలిన్స్‌పోర్ట్ అనే కల్పిత రేవుపట్నంలో జరుగుతుంది. ఆ ఊరిలో కాలిన్స్ కుటుంబం ఉన్నది. చేపల పడవలు వారివి. చేపలను డబ్బాలకెత్తే కర్మాగారం వారిది. ఊరిలో బతుకుతెరువు ఎక్కువగా వారి చేతిలోనిదే. కొండమీద కాలిన్‌వుడ్ అనే పాత భవంతిలో ఇంటి యజమానురాలు ఎలిజబెత్ పదునెనిమిదేళ్ళుగా గడప దాటకుండా ఉంటుంది. తల్లిదండ్రులెవరో తెలియని విక్టోరియా వింటర్స్ అనే యువతి, ఆ ఇంటి పిల్లవానికి చదువు చెప్పే ఉద్యోగానికి అక్కడికి వస్తుంది. ఆమె దిగిన రాత్రే బర్క్ డెవ్లిన్ అనే మరొకడు కూడా ఊరిలో దిగుతాడు. అతడు పేదింటి బిడ్డ. అయిదేళ్ళు జైలులో ఉండి వచ్చి, తరువాత డబ్బు సంపాదించి, తనను ఆ జైలుకు పంపిన కాలిన్స్ కుటుంబంమీద పగ తీర్చుకోవటానికి తిరిగి వచ్చినవాడు.

మొదటి నెలలలో ఈ కథలో దయ్యాలకు దాదాపు చోటు లేదు. ఆ కారణంచేతనో మరో కారణంచేతనో ప్రేక్షకులు కూడా తక్కువే. కార్యక్రమం ఆగిపోతుందనే భయంతో కర్టిస్ మెల్లమెల్లగా దయ్యాలను తెచ్చాడు. 1967 ఏప్రిల్‌లో విల్లీ లూమిస్ అనే చిల్లరదొంగ, నగలకోసం కాలిన్స్ కుటుంబపు సమాధి గృహంలో గొలుసులు చుట్టిన ఒక శవపేటికను తెరిచాడు. లోపలినుండి వచ్చిన చెయ్యి అతని గొంతు పట్టుకున్నది. మరునాడు బార్నబస్ కాలిన్స్ అనే పెద్దమనిషి, ఇంగ్లండు నుండి వచ్చిన బంధువునని చెప్పుకుంటూ కాలిన్‌వుడ్ తలుపు తట్టాడు. అతడు రక్తపిశాచి. కొన్ని వారాల తరువాత అతన్ని చంపివేయాలని మొదటి ఆలోచన. ప్రేక్షకులు చావనివ్వలేదు. ఆ పాత్ర ధరించిన జోనథన్ ఫ్రిడ్ కెనడా దేశస్థుడు, రంగస్థల నటుడు. అతనికి మూటలకొద్దీ ఉత్తరాలు వచ్చేవి. బడి వదలగానే పిల్లలు ఈ కార్యక్రమంకోసం ఇళ్ళకు పరుగెత్తేవారు.

ఈ ధారావాహికను చూసినవారెవరూ దాని సాంకేతికతను మెచ్చుకోరు. వారానికి అయిదు రోజులు, రోజుకు అరగంట. తప్పు జరిగితే ఆపి మళ్ళీ తీసే తీరిక, డబ్బు లేవు. నటులు మాటలు మరచిపోయేవారు. మైకు తెరమీదకు దిగి వచ్చేది. అయినా ప్రేక్షకులు అంటిపెట్టుకొని ఉన్నారు. ఎందుకు?

ఈ ప్రశ్నకు సమాధానం 1967 నవంబరులో మొదలైన కథాభాగంలో దొరుకుతుంది. ఒక ప్రేతావాహన సభలో విక్టోరియా మాయమై 1795వ సంవత్సరంలో తేలుతుంది. అప్పుడు బార్నబస్ ఇంకా మనిషే. కాలిన్స్ కుటుంబపు వారసుడు. మార్టినీక్ ద్వీపంలో చెరకుతోటల యజమాని కూతురు జోసెట్‌ను పెళ్ళాడబోతున్నాడు. ఆమె కుటుంబంతోపాటు ఏంజెలీక్ అనే దాసి వస్తుంది. బార్నబస్ మార్టినీక్‌లో ఉన్నప్పుడు ఈ దాసితో సంబంధం పెట్టుకున్నాడు. పెళ్ళి మాత్రం ఆమె యజమాని ఇంటి పిల్లతో. అది తన హోదాకు తగిన పని అనీ, దాసితో గడిపిన రోజులు మరచిపోదగినవనీ అతని అభిప్రాయం. ఏంజెలీక్ మరచిపోలేదు. ఆమెకు మంత్రవిద్య తెలుసు. ఆమె శాపం వల్లనే అతడు పిశాచి అయినాడు. అతన్ని ప్రేమించినవారంతా చస్తారనేది కూడా ఆ శాపంలో భాగమే.

అంటే ఈ పిశాచి ఎక్కడో నరకంనుండి ఊడిపడినవాడు కాడు. ఒక శ్రీమంతుడు ఒక పనిమనిషికి చేసిన ద్రోహంలోనుండి పుట్టినవాడు. ఆ సంగతి అతనికీ తెలుసు. చేసిన పాపం గుర్తుండటం, మళ్ళీ మనిషి కావాలని కోరుకోవటం, ఆకలి వేయగానే మళ్ళీ చంపటం, ఇదే బార్నబస్ పాత్రలోని జీవం. డాక్టర్ జూలియా హాఫ్‌మన్ అతనికి వైద్యం చేసి మనిషిని చేయటానికి పూనుకుంటుంది. కథ రాసినవారు దీన్ని సంఘవిమర్శగా తలపెట్టారని నేను అనను. వారు రేపటి అరగంట నింపటానికి తంటాలు పడుతున్నవారు. కాని రచయిత తలపెట్టకపోయినా బలమైన కథలోకి సంఘం తనంతట తాను వచ్చి కూర్చుంటుంది.

3

ఇక నవలల సంగతి. వీటిని ప్రచురించినది న్యూయార్కులోని పేపర్‌బ్యాక్ లైబ్రరీ అనే సంస్థ. మొదటి పుస్తకం 1966 డిసెంబరులో వచ్చింది. అంటే కార్యక్రమం మొదలై ఆరు నెలలు కూడా నిండలేదు. ముప్పై రెండవది, చివరిది, 1972లో వచ్చింది. అప్పటికి కార్యక్రమం ఆగిపోయి దాదాపు ఏడాది అయింది.

అన్నిటిమీద రచయిత్రి పేరు మేరిలిన్ రాస్. ఆ పేరుగల రచయిత్రి లేదు. రాసినవాడు విలియం ఎడ్వర్డ్ డానియల్ రాస్ అనే కెనడా దేశస్థుడు. అతడు 1912లో న్యూ బ్రన్స్‌విక్‌లోని సెయింట్ జాన్‌లో పుట్టాడు, 1995లో చనిపోయాడు. మేరిలిన్ అతని భార్య పేరు. అతడు రకరకాల పేర్లతో రాసిన నవలలు 300కు పైగా ఉన్నవి. ఆడపేరు పెట్టుకోవటానికి కారణం అప్పటి మార్కెట్టు. 1960లో ఏస్ బుక్స్ సంస్థ గాథిక్ నవలలు అనే ముద్రవేసి ఒక వరుస ప్రారంభించింది. అదే సంవత్సరం విక్టోరియా హోల్ట్ పేరుతో వచ్చిన ‘మిస్ట్రెస్ ఆఫ్ మెల్లిన్’ విపరీతంగా అమ్ముడుపోయింది. ఆ తరువాత ప్రతి ప్రచురణకర్త ఆ దారి పట్టాడు. అట్టమీద చీకటి భవంతి, దానిలో ఒకే ఒక కిటికీలో దీపం, ముందు పరుగెత్తే యువతి. ఈ పుస్తకాలు కొనేవారు స్త్రీలు గనుక రాసేవారు కూడా స్త్రీలుగానే కనబడాలని ప్రచురణకర్తల నియమం. ‘డార్క్ షాడోస్’ మొదటి నవలలు ఈ మూసలో పోసినవే.

రక్తపిశాచి తెరమీదకు వచ్చినది 1967 ఏప్రిల్‌లో అని చెప్పుకున్నాము. నవలలలోకి అతడు ఏడాది దాటిన తరువాతగాని రాలేదు. మొదటి అయిదు పుస్తకాలలో అతడు లేడు. 1968లో వచ్చిన ఆరవ పుస్తకం పేరే ‘బార్నబస్ కాలిన్స్’. ఒకసారి వచ్చిన తరువాత అతన్ని వదలలేదు. మిగిలిన పుస్తకాల పేర్లు వరుసగా చూస్తే చాలు: బార్నబస్ కాలిన్స్ రహస్యం, బార్నబస్ కాలిన్స్ శత్రువు, బార్నబస్ కాలిన్స్‌కు వచ్చిన ఆపద, బార్నబస్ కాలిన్స్, జిప్సీ మంత్రగత్తె, ఈ తీరున. నాలుగేళ్ళు తిరగకుండా ఇట్లాంటివి ఇరవయ్యేడు వచ్చినవి. అట్టమీద భవంతి పోయి జోనథన్ ఫ్రిడ్ ఛాయాచిత్రం వచ్చింది. పాఠకుడు కొంటున్నది ఆ ముఖాన్ని.

లోపల కథ ఏమిటి? ఒక యువతి కాలిన్‌వుడ్‌కు వస్తుంది. ఎవరో ఆమెను చంపటానికి ప్రయత్నిస్తారు. చీకటిలో ముసుగు మనిషి కనిపిస్తాడు. నల్లని పైవస్త్రం, చేతికర్ర ధరించిన బార్నబస్ రాత్రిళ్ళు మాత్రమే వస్తాడు, మర్యాదగా మాట్లాడతాడు, అనుమానం అతనిమీదకు పోతుంది. చివరి పుటలలో అసలు దోషి ఎవరో తెలుస్తుంది. బార్నబస్ వెళ్ళిపోతాడు, లేదా మళ్ళీ వస్తానని సూచిస్తాడు. మరుసటి పుస్తకంలో మరొక యువతి వస్తుంది. ఈ నవలలలోని కథ ధారావాహికలోని కథతో కలిసి నడవలేదు. అక్కడ జరిగినవి ఇక్కడ జరగవు, ఇక్కడ జరిగినవి అక్కడ ఎవరికీ తెలియవు. దాసికి జరిగిన ద్రోహమూ, దానినుండి పుట్టిన శాపమూ, ఆ శాపగ్రస్తుని పశ్చాత్తాపమూ ఈ పుస్తకాల వరుసకు కేంద్రం కాలేదు. పైవస్త్రం వచ్చింది, చేతికర్ర వచ్చింది, మనిషి రాలేదు.

ప్రేక్షకుడి నిరాశ ఇక్కడే మొదలవుతుంది. సాయంత్రం తెరమీద ఒక పాపి మథనపడటం చూసినవాడు, రాత్రి పుస్తకం తెరిస్తే అదే పేరుగల ఒక దర్జీ బొమ్మ కనబడుతుంది.

4

ఇది రాస్ అసమర్థత అనవచ్చునా? అతడు చేయి తిరిగినవాడు. చేతికి వచ్చిన పనిని గడువులోపల, అడిగిన కొలతకు చేసి ఇచ్చాడు. కాని అతనికి ఏ పని అప్పగించారో చూడాలి. పాత్రలు అతనివి కావు. వాటిమీద హక్కు డాన్ కర్టిస్ నిర్మాణ సంస్థది. తెరమీద కథ రోజురోజుకూ మారుతూ ఉన్నది. పుస్తకం రాసి, అచ్చువేసి, అంగళ్ళకు పంపటానికి నెలలు పడుతుంది. ఈలోగా తెరమీద ఎవరు చస్తారో, ఎవరు బతుకుతారో పుస్తకం రాసేవాడు నిర్ణయించలేడు. అట్లాంటప్పుడు అతడు చేయగలిగిన క్షేమకరమైన పని ఒకటే. దేన్నీ కదిలించకుండా, ఎవరినీ మార్చకుండా, వచ్చిన చోటికి తిరిగి వచ్చే కథ చెప్పటం.

నవల అనే ప్రక్రియకు ఇది ప్రాణాంతకం. మొదటి పుటలో ఉన్న మనిషి చివరి పుటలో అట్లాగే ఉండకపోవటమే నవల. మారింది మంచికి కావచ్చు, చెడుకు కావచ్చు. కాని జరిగినది జరగనట్లు కావటానికి వీలులేదు. అనుబంధ నవలలో జరిగినదంతా జరగనట్లే కావాలి, ఎందుకంటే ఆ మనిషి రేపు మళ్ళీ తెరమీదకు పనికి పోవాలి. అరువు తెచ్చిన నగను గీతపడకుండా తిరిగి ఇచ్చినట్లు, పాత్రను వాడి తిరిగి అప్పజెప్పాలి.

దయ్యాల కథకు ఈ నియమం మరింత చేటు. భయం ఎక్కడ పుడుతుంది? పోగొట్టుకోవటానికి ఏదైనా ఉన్నచోట పుడుతుంది. బ్రామ్ స్టోకర్ 1897లో ‘డ్రాక్యులా’ రాసినప్పుడు అందులో లూసీ అనే పాత్ర నిజంగా చనిపోయింది, పిశాచి అయింది, ఆమెను ప్రేమించినవాడే ఆమె గుండెలో మేకు దిగగొట్టవలసి వచ్చింది. ఆ తరువాత పాఠకుడు ఎవరినీ క్షేమంగా ఉన్నారనుకోలేడు. రాస్ నవలలో బార్నబస్‌కు ఆపద వచ్చిందని అట్టమీద రాసి ఉన్నా పాఠకుడు భయపడడు. వచ్చే నెల పుస్తకం పేరులో కూడా బార్నబస్ ఉంటాడని అతనికి తెలుసు.

ఇక్కడ మూడు ఆక్షేపణలు రావచ్చు. మూడూ విచారించదగినవే.

మొదటిది: ధారావాహిక కూడా డబ్బుకోసం తీసినదే, దాని రచయితలు కూడా జీతగాళ్ళే గదా, అక్కడ బార్నబస్‌కు ప్రాణం ఎట్లా వచ్చింది? నిజమే. కాని ఆ జీతగాళ్ళకు ఈ కూలి రచయితకు లేని స్వేచ్ఛ ఒకటి ఉన్నది. యజమానికి అవసరం వచ్చినందువల్లనే కావచ్చు, కథను మార్చే అధికారం వారికి ఉన్నది. పిశాచిని పాపిగా చేయవచ్చు, కథను 1795కు తీసుకుపోవచ్చు, కథానాయికను అక్కడ ఉరికంబం దాకా పంపవచ్చు. వ్యాపారమే అయినా అది కదిలే వ్యాపారం. అనుబంధ నవల ఆ వ్యాపారపు నీడ. నీడకు సొంతంగా కదిలే శక్తి లేదు.

రెండవది: అరువు పాత్రలతో గొప్ప సాహిత్యం రాలేదా? వచ్చింది. మన కావ్యసాహిత్యంలో సగం అరువు కథే. పెద్దన మనుచరిత్రకు కథ మార్కండేయ పురాణంలోనిది. మారన ఆ పురాణాన్ని అంతకు ముందే తెనిగించి ఉన్నాడు. అయినా ప్రవరుడు, వరూధిని పెద్దన చేతిలో కొత్తగా పుట్టినారు. వ్యాసభారతంలో శశిరేఖ కథ లేదు. జనం కల్పించుకున్న ఆ కథ నాటకాలలో తిరిగి తిరిగి, 1957లో ‘మాయాబజార్’ చిత్రమై తెలుగువారి ఇంటింటి కథ అయింది. అభిమన్యుని పెళ్ళి మార్చినందుకు ఏ సంస్థా నోటీసు పంపలేదు. పురాణపాత్రలు ఉమ్మడి సొత్తు. అందరి సొత్తు గనుక ప్రతి కవీ తన కాలానికి తగినట్లు మార్చాడు. బార్నబస్ ఒక కంపెనీ సొత్తు. తేడా ఇక్కడ ఉన్నది. డ్రాక్యులా కూడా ఒకప్పుడు ఇట్లా సొంత ఆస్తే. 1922లో మూర్నౌ అనుమతి లేకుండా ఆ కథతో ‘నోస్ఫెరాటు’ చిత్రం తీస్తే స్టోకర్ భార్య దావా వేసింది, ప్రతులన్నిటినీ నాశనం చేయాలని 1925లో జర్మనీ న్యాయస్థానం తీర్పు చెప్పింది. కొన్ని ప్రతులు మిగిలినందువల్ల ఆ చిత్రం బతికి, ఇవాళ ప్రపంచ చలనచిత్ర చరిత్రలో గొప్ప కృతిగా నిలిచింది. చట్టం ఎవరి పక్షాన ఉన్నదో, కళ ఎక్కడ ఉన్నదో పాఠకులే ఆలోచించవచ్చు.

మూడవది: వచ్చిన చోటికి తిరిగి వచ్చే కథ అంతా చెడ్డదేనా? బేతాళ కథలు ఉన్నవి గదా. ప్రతి కథ చివరా బేతాళుడు శవంతోసహా మాయమై మళ్ళీ చెట్టెక్కుతాడు. ‘చందమామ’లో దశాబ్దాల తరబడి అట్లాగే ఎక్కాడు, పిల్లలు విసుగుచెందలేదు. ఇది మంచి ఆక్షేపణ. అయితే బేతాళుడు చెప్పే లోపలి కథను చూడండి. అందులోని మనుషులు తిరిగి రారు. వారికి జరిగినది జరిగిపోయింది. చివర ధర్మసందేహం ఒకటి మిగులుతుంది, రాజు తీర్పు చెప్పి తీరాలి. చట్రం తిరుగుతుందిగాని బొమ్మ తిరగదు. రాస్ నవలలలో లోపలి కథకు కూడా సందేహం లేదు, తీర్పు లేదు. ముసుగు తీస్తే దోషి కనిపిస్తాడు, అంతే. ఆ వచ్చిన యువతులకైనా బతుకు ఇచ్చి ఉంటే ఈ నవలలు వేరుగా ఉండేవేమో. కాని వారు అట్టమీద బొమ్మకు రాని వారు, వారిమీద శ్రమపడటానికి గడువు లేదు.

కనుక వస్తువు దయ్యమైనందువల్ల నవల చెడలేదు. రచయిత ప్రతిభలేనివాడైనందువల్లనే చెడిందని కూడా చెప్పలేము. తన పాత్రను మార్చే హక్కు రచయితకు లేనందువల్ల చెడింది.

5

ఈ నిర్ణయం ఒక్క రాస్‌కే వర్తిస్తుందేమోననే శంకకు తరువాతి చరిత్ర జవాబు చెబుతుంది. 1993లో ‘ది ఎక్స్-ఫైల్స్’ ధారావాహిక ప్రారంభమై పెద్ద పేరు తెచ్చుకున్నప్పుడు దాని మొదటి రెండు నవలలు, 1994లో ‘గాబ్లిన్స్’, 1995లో ‘వర్ల్‌విండ్’, రాసినవాడు చార్లెస్ గ్రాంట్. ఇతడు కూలి రచయిత కాడు. భయానక సాహిత్యంలో నెమ్మదిగా, సూచనగా భయం కలిగించే శైలికి పేరుపొందినవాడు, బహుమానాలు పొందినవాడు. తన పేరుతో రాసిన కథలలో ఊళ్ళకు ఊళ్ళను చీకటిలో ముంచగలిగిన అతడు, ఇక్కడ ఇద్దరు పరిశోధకులను ఒక ఊరికి పంపి, ఒక వింతను చూపించి, మళ్ళీ కార్యాలయానికి చేర్చాడు. అంతకంటె చేయటానికి అతనికి వీలులేదు. ప్రతిభ ఉన్నది, హక్కు లేదు. ప్రతిభ లోపమే కారణమనే మొదటి వాదం ఇక్కడ వీగిపోతుంది.

మరొక ఉదాహరణ 2005 నుండి 2020 వరకు నడిచిన ‘సూపర్‌నేచురల్’. ఇద్దరు అన్నదమ్ములు దయ్యాలను వేటాడే కథ. 2007 నుండి దీనికి కూడా అనుబంధ నవలలు వచ్చినవి. 2009లో ప్రసారమైన ఒక భాగంలో ఈ అన్నదమ్ములకు ఒక అంగడిలో తమ జీవితాన్ని గురించిన చవకరకం నవలలే కనబడతాయి. వాటిని రాసినవాడు మారుపేరు పెట్టుకున్న ఒక తాగుబోతు రచయిత. పుస్తకాలు అమ్ముడుపోలేదు, ప్రచురణ సంస్థ దివాలా తీసింది. ధారావాహికలోనే ఈ రచయిత మొదట ప్రవక్తగా, తరువాత సాక్షాత్తు దేవుడుగా తేలుతాడు. వేళాకోళంగా చెప్పినా ఇందులో ఒక కోరిక దాగి ఉన్నది. పాత్రల బతుకును నిజంగా రాయగలిగినవాడు దేవుడే కావాలి. అసలు అనుబంధ నవలలు రాసేవారికి ఆ దైవత్వం కాదుగదా, ఒక పాత్రకు జ్వరం తెప్పించటానికి కూడా అనుమతి కావాలి.

అమెరికాలో 1909 నాటి కాపీరైటు చట్టం కూలికి చేయించిన రచన విషయంలో రచయిత అనే మాటకు యజమానిని కూడా చేర్చింది. అంటే రాసినవాడు రచయిత కాడు, రాయించినవాడు రచయిత. కార్మికుడు తాను చేసిన వస్తువునుండి వేరుపడటం గురించి మనము చాలా చదువుకున్నాము. ఇక్కడ ఆ వేరుపాటు చట్టంలో వాక్యమై కూర్చున్నది. ఈ రచయితలు తమ గౌరవంకోసం 2006లో అంతర్జాతీయ సంఘం ఒకటి పెట్టుకొని, మరుసటి సంవత్సరం నుండి తమలో తాము బహుమానాలు ఇచ్చుకుంటున్నారు. వారిని ఎగతాళి చేయటానికి ఇది చెప్పటం లేదు. గౌరవం అడుక్కోవలసిన స్థితిలో పనిచేసేవారి పక్షానే మనము ఉండాలి.

ఇక చివరి సాక్ష్యం. ‘డార్క్ షాడోస్’లో దాసి ఏంజెలీక్ పాత్ర ధరించిన నటి లారా పార్కర్. కార్యక్రమం ఆగిపోయిన ఇరవయ్యేడేళ్ళకు, 1998లో, ఆమె ‘ఏంజెలీక్స్ డిసెంట్’ అనే నవల రాసింది. ఇది కూడా అనుమతితో రాసిన అనుబంధ నవలే. అయినా పాత వరుసకంటె ఇది ఎంతో ముందున్నది. కారణాలు స్పష్టం. ఆ పాత్రలను రేపు తెరమీదకు పంపవలసిన అవసరం అప్పటికి తీరిపోయింది. ఆమె ఎన్నుకున్నది తెరమీద చూపని భాగం, మార్టినీక్‌లో ఏంజెలీక్ బాల్యం. చెరకుతోటలు, బానిసలు, వారి దేవతలు, ఆ తోటల మధ్య పెరిగిన పిల్ల మంత్రగత్తె ఎట్లా అయిందనే కథ. శపించినదాని పక్షాన నిలబడి శాపాన్ని చూడటంతో కథ తలకిందులైంది. కొన్నేళ్ళపాటు ఆ దాసి మాటలు పలికిన మనిషికి, ఆ దాసి ఎక్కడినుండి వచ్చిందనే ప్రశ్న సహజంగా పుట్టి ఉంటుంది. దయ్యమే వస్తువు, అనుబంధమే రూపం, అయినా ఇది నవల అయింది. ఒక మనిషిని మొదటినుండి చివరదాకా మార్చే అవకాశం దొరికింది గనుక అయింది. లారా పార్కర్ ఆ తరువాత ఇంకా మూడు నవలలు రాసి, 2023లో చనిపోయింది.

6

ఈ చర్చ మనకెందుకు? మనకు వెండితెర నవలలు కొత్తకాదు. విడుదలైన చిత్రాన్ని కథగా రాసి పత్రికలలో, చిన్న పుస్తకాలుగా అమ్మిన కాలం ఒకటి ఉన్నది. సినిమా హాలు లేని ఊళ్ళకు అవి సినిమాను తీసుకుపోయినవి. వాటి ప్రయోజనం అంతే, అంతకు మించి అవి చెప్పుకోలేదు. దయ్యాల విషయానికి వస్తే మన ప్రయాణం ఎదురు దిశలో జరిగింది. యండమూరి ‘తులసిదళం’ ముందు వారపత్రికలో ధారావాహికంగా వచ్చి, తరువాత తెరకెక్కింది. దాన్ని రంగనాయకమ్మ ‘తులసిదళం కాదు గంజాయి దమ్ము’ అనే పుస్తకంలో తీవ్రంగా విమర్శించారు. ఆ వాదంలో ఎవరెవరు ఎటు నిలబడినా, అక్కడ నిలదీయటానికి ఒక రచయిత ఉన్నాడు. తాను రాసినదానికి జవాబుదారీగా ఉన్నాడు. అనుబంధ నవలలో నిలదీయటానికి కూడా ఎవరూ దొరకరు. రాసినవాడు కంపెనీని చూపిస్తాడు, కంపెనీ ప్రేక్షకుణ్ణి చూపిస్తుంది.

ఇవాళ తెలుగులో టెలివిజన్‌కు, ఇంటర్నెట్టు వేదికలకు రాసే యువకులు చాలామంది ఉన్నారు. ఒకే కథను తెరమీద, పుస్తకంగా, బొమ్మల కథగా పంచి అమ్మే పద్ధతి మనవైపు కూడా వస్తున్నది. మన 1957 కాపీరైటు చట్టంలోని 57వ నిబంధన, హక్కులు అమ్ముకున్న తరువాత కూడా తన రచనను తనదని చెప్పుకోవటానికి, దాన్ని తన ప్రతిష్ఠకు భంగం కలిగేటట్లు వికృతం చేయకుండా అడ్డుకోవటానికి రచయితకు అధికారం ఇస్తున్నది. ఇది చిన్న రక్షణ కాదు. కాని అది రాసిన మాటలకు రక్షణ. ఇతరుల పాత్రను చేతికిచ్చి, దాన్ని మార్చకుండా రాయమన్నప్పుడు, ఇంకా రాయని మాటలను ఏ నిబంధనా రక్షించలేదు.

అందుచేత అట్లాంటి పనికి ఒప్పుకునే రచయిత డబ్బు ఎంత, గడువు ఎంత అనే ప్రశ్నలతోపాటు మూడవ ప్రశ్న కూడా వేయాలి. ఈ పాత్ర నా చేతిలో మారవచ్చునా? మారవచ్చునంటే దయ్యం కథ అయినా రాయవచ్చు, అందులోకి తాను చూసిన మనుషులను, వారికి జరిగిన అన్యాయాలను తీసుకురావచ్చు. మారకూడదంటే చేసిన పనికి కూలి తీసుకోవటంలో తప్పులేదు. దాన్ని నవల అని పాఠకుడికి అమ్మటంలో మాత్రం తప్పున్నది. పాఠకుడు ఆ మోసాన్ని కనిపెట్టలేడనుకోవటం పొరపాటు. ముప్పై రెండు పుస్తకాలు కొని, బార్నబస్‌కోసం వెతికి, దొరకక తిరిగి తెరవైపే చూసిన ఆ పిల్లలు దాన్ని ఆనాడే కనిపెట్టారు.